కుడి మోకాలి కోసం ప్రార్థన

దుబాయ్ దగ్గరి అల్ ఐన్‌లో మా తెలుగు చర్చి సంఘం వాళ్లు ఒక చలికాలమంతా నా కూతురి కుడి మోకాలి కోసం ప్రార్థన చేశారు. ఉపవాసాలున్నారు. కాకినాడావిడ ఒకరు కొబ్బరినూనె సీసా మీద ప్రార్థన చేయించి మరీ మా ఇంటికి పంపారు. ఆ మోకాలికి ఏమీ కాలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం నలుగురం: నేను, నా కూతురు, మా ఆయన, కాగితం రాసిచ్చిన డాక్టరు. ఐదో ఆయన దేవుడు. ఆయన్ని నేను అప్పట్లో లెక్కలోకి తీసుకోలేదు.

నేను నర్సుని. పాలకొల్లు దగ్గర పుట్టి, పద్దెనిమిదేళ్లుగా ఇక్కడి ఆసుపత్రిలో ఎముకల వార్డులో పనిచేస్తున్నాను. కరోనా ఏడాది నా కూతురికి పద్నాలుగేళ్లు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వినేది. నేను డ్యూటీ నుంచి వచ్చి నడుం పట్టుకుని మూలుగుతుంటే, వంద కిలోల మనిషిని మంచం మీంచి ఎలా లేపుతావని ఒకరోజు అడిగింది. నేనే పేషెంటులా పడుకుని చూపించాను. నడుము వంచకు, మోకాళ్లు వంచు, మనిషిని నీ ఒంటికి దగ్గరగా లాక్కో, బరువంతా కాళ్ల మీదికి రానీ అన్నాను. నాలుగోసారికి నన్ను అమాంతం పైకెత్తి, దించకుండా హాలంతా తిప్పింది. దింపవే అని నేను అరుస్తుంటే మా ఆయన వీడియో తీశాడు.

స్కూళ్లు తెరిచాక హర్యానా నుంచి వచ్చిన పీటీ సార్ దాని కాళ్లు చూశాడు. ఆయన ఒకప్పుడు కుస్తీ పట్టినవాడే. మ్యాట్ మీద దీన్ని ఎవరూ కదపలేకపోతున్నారని మమ్మల్ని పిలిపించి చెప్పాడు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోడౌన్‌ని జిమ్ చేసి ఆయన స్నేహితుడు ఆడపిల్లలకి కుస్తీ నేర్పుతున్నాడు, శనివారాలు పంపండి అన్నాడు. నాకు ఇష్టం లేదు. మ్యాట్‌కి రాసుకుని చెవులు ముద్దలైపోతే కమ్మలెక్కడ పెట్టుకుంటావే అని దాన్ని ఏడిపించేదాన్ని. మా ఆయన మాత్రం కిక్కురుమనకుండా ప్రతి శనివారం గంటంపావు కారు నడిపాడు. రెండేళ్లు తిరిగేసరికి మా అల్మారా మీద పతకాలు వేలాడుతున్నాయి. వార్డులో వాటి ఫొటోలు అందరికంటే ముందు చూపించింది నేనే.

ప్లస్ టూకి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. ఆ పిల్లకి ఫిజియోథెరపీ చదవాలని ఉంది, కుస్తీ వదలకూడదనీ ఉంది. మంచి మ్యాట్ ఉన్న కాలేజీల్లో ఆ చదువు లేదు. ఆ చదువున్న చోట ఆటలంటే క్యారమ్ బోర్డే. పీటీ సార్ స్కూలు మానేసి ఊరెళ్లిపోయేముందు వెతికి వెతికి హర్యానాలో ఒక్కదాన్ని పట్టుకున్నాడు. పొద్దున, సాయంత్రం మ్యాట్, మధ్యలో క్లాసులు. స్పోర్ట్స్ సీటొస్తే హాస్టలూ ఫీజూ వాళ్లవే. నేను మా పుట్టింటికి దగ్గర్లో నర్సింగ్ కాలేజీ ఒకటి చూసి పెట్టుకున్నాను. దాని పేరెత్తగానే నా కూతురు అంది: "నాకు రెండూ కావాలి మమ్మీ. ఒకటి వదిలెయ్యమంటే ఏది వదలాలో నాకు తెలీట్లేదు." అప్పుడు దాని కళ్లల్లో నీళ్లు చూసి నేను మెత్తబడ్డాను. మెత్తబడకపోయినా బాగుండేది.

ఆ సీటు రావాలంటే పరీక్షలో మార్కులుండాలి, జనవరిలో వాళ్ల దగ్గరికెళ్లి సెలక్షన్ ఆడాలి. అంతకుముందు దుబాయ్‌లో రెండు క్యాంపులు చేయాలి. స్కూల్లో నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే బోర్డు పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరు. ఆటల కోసం సెలవడిగితే సూపర్‌వైజర్ మేడమ్ మొహం మీదే కాదంది. పన్నెండో క్లాసులో ఆటలేంటమ్మా, జబ్బు చేసిందంటే వేరు అంది. ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. నేనే దాన్ని దారి అనుకున్నాను.

ఇక్కడ జబ్బు సెలవంటే కంప్యూటర్లో ఎక్కిన సర్టిఫికెట్ కావాలి. నాకు తెలిసిన డాక్టరు ఒకాయన, నెల్లూరు వైపు మనిషి, చిన్న క్లినిక్‌లో చేస్తుంటాడు. మా వార్డుకి పేషెంట్లని పంపినప్పుడల్లా నేను ఆయనకి సాయం చేసేదాన్ని. ఏం రాయమంటారు సిస్టర్ అని ఆయనే అడిగాడు. జ్వరమైతే రెండు రోజులు, కడుపునొప్పైతే మూడు. వారం పైన కావాలంటే మోకాలే. మోకాళ్ల సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి ఏ లిగమెంటులో చీలిక, ఎంత వాపు, ఎన్నాళ్లు మెట్లెక్కకూడదు, అన్నీ నేనే చెప్పాను. కుడిదని రాయండి అన్నాను. మా ఆయన ఒక్కసారి వద్దన్నాడు. మరి నువ్వే చెప్పు ఏం చేద్దామో అంటే కారు తాళాలు తీసుకుని కిందికి వెళ్లిపోయాడు.

మొదటి కాగితం క్యాంపుకి, రెండోది ఇంకో క్యాంపుకి, మూడోది జనవరిలో సెలక్షన్‌కి. ప్రతిసారీ ముందుదానికంటే ఎక్కువ రాయాల్సి వచ్చింది. మూడోదాంట్లో, పది రోజులు మంచం దిగకూడదు, మోకాలు వంచకూడదు అని ఉంది.

స్కూల్ ఆఫీసులో పనిచేసేవాళ్లలో ఒకావిడ మా సంఘంలో మనిషి. మొదటి కాగితం చూసి పాపం కడుపు తరుక్కుపోయి, ఆ వారమే ప్రార్థన అంశాల్లో మా అమ్మాయి మోకాలు చెప్పింది. పాస్టర్ గారు దాన్ని ముందుకి పిలిచి, మోకాలి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. నేను పక్కనే నిలబడి ఆమేన్ అన్నాను. ఏమనాలి మరి?

ఇక అక్కడి నుంచి ఆ పిల్ల స్కూల్లో కుంటాలి, సంఘంలో కుంటాలి, గోడౌన్లో మాత్రం కుంటకూడదు. ఒకసారి హాల్లోకి వస్తూ మర్చిపోయి ఎడమ కాలితో కుంటింది. నేను జబ్బ మీద గిల్లాను. కాలు మార్చింది. ఆ రోజు ఇంటికెళ్లేటప్పుడు కారులో నా పక్కన కాకుండా ముందు సీట్లో వాళ్ల నాన్న పక్కన కూర్చుంది. చిన్నపిల్లప్పుడు అబద్ధమాడిందని నేను దాన్ని గోడకుర్చీ వేయించిన రోజులు ఇద్దరికీ గుర్తున్నాయి.

జనవరిలో దాన్ని మా ఆయన ఢిల్లీ మీదుగా తీసుకెళ్లాడు. వాళ్ల మ్యాట్ మీద ముగ్గుర్ని పడేసింది. అక్కడి కోచ్ మా ఆయన భుజం తట్టి, మార్కులు తెచ్చుకోమనండి, సీటు మీదే అన్నాడట. వచ్చి గది తలుపేసుకుని చదివింది. పొద్దున పరుగు, తర్వాత స్కూలు, తర్వాత పుస్తకం. బరువు పెరగకూడదని రాత్రి కూర మాత్రమే తినేది. నా జీవితంలో అంత కష్టపడ్డ మనిషిని నేను చూడలేదు, నన్ను కలుపుకుని చెబుతున్నాను. మేలో మార్కులొచ్చాయి. కావలసినదానికంటే ఎక్కువే వచ్చాయి.

సీటు పోయింది ఒక మంచి మనిషి మంచితనం వల్ల. కాలేజీ వాళ్లు మార్కుల కాగితాలు పంపమంటే, స్కూల్ ఆఫీసులో ఉన్న మా సంఘం ఆవిడే, ఏదీ తక్కువ కాకూడదని, ఆ ఏడాది హాజరు తగ్గినందుకు కారణం కూడా తెలియాలని, మెడికల్ కాగితాలన్నీ కలిపి పంపించింది. పంపించి, నాకు ఫోన్ చేసి, అన్నీ పెట్టానక్కా, ఇక ఏ అడ్డూ ఉండదు అని చెప్పింది. నేను థ్యాంక్స్ చెప్పాను. ఫోన్ పెట్టేసి, మూడో కాగితం మీదున్న జనవరి తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

వారంలో కోచ్ ఫోన్ చేశాడు. హిందీలో, మర్యాదగానే మాట్లాడాడు. మా మ్యాట్ మీద ముగ్గుర్ని పడేసిన రోజే ఈ కాగితం ప్రకారం మీ అమ్మాయి మంచం దిగకూడదు, ఇదేంటి మేడమ్ అన్నాడు. స్కాన్ తీయించి పంపండి అన్నాడు. తీయించాం. స్కాన్‌లో మోకాలు అద్దంలా ఉంది. అది చూసి ఆయన, అయితే కాగితం సంగతేంటో క్లినిక్‌కే మెయిల్ రాసి అడుగుతాం, మీరు ముందే ఏమైనా చెప్పాలనుకుంటే మూడు రోజులు టైముంది అన్నాడు.

డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. ఆ కాగితాల వెనక ఎక్స్‌రే లేదు, పరీక్ష చేసినట్టు ఒక్క ముక్క లేదు. మెయిల్ రాకుండా చూడండి సిస్టర్, నాకు ఇద్దరు చిన్నపిల్లలు అన్నాడు. కాగితం దొంగదని తేలితే ఆయన లైసెన్సూ పోతుంది, నా లైసెన్సూ పోతుంది. నా లైసెన్సు పోతే వీసా పోతుంది. నిజం చెప్పాల్సింది మాత్రం నేనే. పిల్ల అడగలేదు, ఆ ఆలోచన నాది, కావాలంటే నామీద రాసుకోండి, దాని సీటు తీయకండి అని ఒక్క ఫోన్. ఒప్పుకునేవాళ్లో లేదో తెలీదు. కానీ నేను ఆ ఫోన్ చేయాలి. మొదటి రోజు డబుల్ డ్యూటీ అన్నాను. రెండో రోజు కోచ్ నంబరు తీసి చూసి, ఆయన ప్రాక్టీసులో ఉంటాడని మళ్లీ లోపల పెట్టేశాను. మూడో రోజు డ్యూటీకి వెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి నా కూతురు వంటింట్లో చపాతీలు ఒత్తుతోంది. నావైపు చూడకుండానే చెప్పింది.

"కోచ్ సార్‌కి నేనే కాల్ చేశాను. అప్పుడు మోకాలు నిజంగానే నొప్పిగా ఉంది, సెలక్షన్ పోతుందని దాచి ఆడాను, ఇప్పుడు తగ్గిపోయింది అన్నాను. దెబ్బ దాచి ఆడినవాళ్లకి సీటివ్వరంట. ఓకే సార్ అన్నాను. క్లినిక్‌కి మెయిల్ రాయరు. ఖలాస్."

"నేను రేపు చేద్దామనుకున్నానే."

"నువ్వు చెయ్యవు మమ్మీ. మూడు రోజులు చూశాను. నువ్వు చెయ్యవు."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. చపాతీ పెనం మీద వేసి, తిరగేసి, నా కంచంలో పెట్టింది. నేను తిన్నాను. ఒక మాట ఇక్కడ రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ చపాతీ తింటుంటే నాకు ఏడుపుతో పాటు, గుండెల మీంచి బరువు దిగినట్టు కూడా అనిపించింది. నా ఉద్యోగం నిలిచింది. పుట్టింటి దగ్గర నర్సింగ్ కాలేజీలో దరఖాస్తుకి ఇంకా టైముందని కూడా ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. అలాంటి తల్లిని నేను.

రెండు రోజులాగి నర్సింగ్ మాటెత్తితే అది ఒప్పుకుంది. వాదించలేదు. గోడౌన్‌కి వెళ్లి మ్యాట్ బూట్లు చిన్నపిల్లలకి ఇచ్చేసి వచ్చింది. అక్కడివాళ్లు ఎందుకు మానేస్తున్నావని అడిగితే మోకాలు అని చెప్పిందట. ఆ మోకాలు ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాళ్లు కూడా నమ్మారట.

అంతటితో అయిపోయినా బాగుండేది. స్కాన్ తీసిన చోట టెక్నీషియన్ కుర్రాడు తెలుగువాడు, మా సంఘమే. మేము చెప్పకముందే పాస్టర్ గారికి చెప్పేశాడు: అంత చీలిక ఉందన్న మోకాలు, స్కాన్‌లో మచ్చ కూడా లేదు అయ్యగారూ అని. దాన్ని ఇండియాకి పంపే ముందు చివరి ఆరాధనకి వెళ్తే, మేము కూర్చోకముందే అందరూ లేచి వచ్చి చేతులు పట్టుకున్నారు. నూనె పంపిన పెద్దావిడ నా కూతురి మోకాలిని రెండు చేతులా తడిమి కళ్లు తుడుచుకుంది. వాక్యం అయ్యాక పాస్టర్ గారు సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు.

మా దగ్గర సాక్ష్యమంటే చిన్న సంగతి కాదు. దేవుడు చేసింది చేసినట్టు అందరి ముందూ చెప్పాలి. నేను బైబిలు పట్టుకుని కుర్చీలోనే ఉండిపోయాను. నా కూతురు నా చేతిలోంచి బైబిలు తీసుకుని, "వెళ్లు మమ్మీ" అంది. మైకు దాకా నడుస్తూ నిజం చెప్పేద్దామనే అనుకున్నాను, ఒట్టు. మైకు పట్టుకుని చూస్తే ముందు వరసలో స్కూల్ ఆఫీసు ఆవిడ చేతులు జోడించి కూర్చుంది, పక్కన టెక్నీషియన్ కుర్రాడు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "మీ అందరి ప్రార్థన వల్ల మా అమ్మాయి మోకాలు బాగైంది. దేవునికి స్తోత్రం." హాలంతా హల్లెలూయ అంది.

పాస్టర్ గారు సంతోషం పట్టలేక నా కూతుర్ని కూడా పైకి రమ్మన్నారు. మోకాలు బాగైంది కదమ్మా, మళ్లీ కుస్తీ పడతావా అని మైకు దాని ముందు పెట్టారు.

అది నావైపు ఒకసారి చూసింది.

"లేదు అయ్యగారూ," అంది. "మా మమ్మీకి భయం."

అందరూ ముద్దుగా నవ్వారు. తల్లి మనసంటే అంతే మరి అని వెనక ఎవరో అన్నారు. నా కూతురు మైకు ఇచ్చేసి స్టేజీ మెట్లు దిగింది. కుంటకుండా దిగింది. ఏడు నెలల్లో ఆ హాల్లో అది తిన్నగా నడవడం అదే మొదటిసారి కాబట్టి, ఒక్కో అడుగుకీ జనం చప్పట్లు కొట్టారు. స్టేజీ మీద నిలబడి వాళ్లతో పాటు నేనూ కొట్టాను.