జీడి తొక్కలు కప్పిన మడి

2003 వేసవి. నేనప్పుడు పలాసలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఉద్దానం ఊళ్ల నుంచి కిడ్నీ రోగులు వస్తూనే ఉండేవారు. జబ్బుకి కారణం నీళ్లని కొందరు, ఉప్పని కొందరు అనేవారు గానీ ఖాయంగా చెప్పగలిగినవాళ్లు లేరు. అలా వచ్చినవాళ్లలో దానియేలు ఒకడు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని. భార్య రూతమ్మ జీడి పిక్కల బట్టీలో తొక్క కొట్టేది. జీడి నూనె అంటి ఆమె వేళ్లు నల్లబడి, పొక్కిపోయి ఉండేవి.

దానియేలుకి క్రియాటినిన్ చాలా ఎక్కువగా వచ్చింది. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన మలినం అది. రక్తంలో పెరిగిందంటే లోపలి జల్లెడ పాడైందన్నమాట. నడుం నొప్పికి అతను ఏళ్ల తరబడి బిళ్లలు మింగాడు. అవి కూడా కారణం కావచ్చని డాక్టరుగారు చెప్పినప్పుడు రూతమ్మ మందుల కొట్టు దగ్గర ఉంది. ఆ బిళ్లలు కొని తెచ్చి, నీళ్లిచ్చి మింగించింది ఆవిడే.

డాక్టరుగారు అటు వెళ్లగానే దానియేలు నా వైపు తిరిగాడు.

"బిళ్లల సంగతి మా ఆడమనిషికి సెప్పకండి సిస్టరమ్మా. నా నొప్పి సూడనేక తెచ్చింది. ఇంక నాను మింగను, అంతే గదా."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లోవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నది నా పట్టుదల. పైగా నోరు ఆగే మనిషిని కాను. అయినా రోగి మాట కదా, ఊరుకున్నాను.

తర్వాత హోమ్ విజిట్లకి, అంటే ఇంటికే వెళ్లి బీపీ, కాళ్ల వాపు చూసి రావడానికి, వాళ్ల ఊరు వెళ్లేదాన్ని. వెనక పెరడంతా ఇసక నేల. అందులోనే వంగ, టమాటా, తోటకూర మళ్లు కట్టాడు. మడి మడికీ ఎండిన జీడాకు, కొబ్బరి పీచు మందంగా కప్పి ఉండేవి. రూతమ్మకేమో వాకిట్లో ఒక్క ఆకు కనిపించినా చేతులు ఊరుకోవు. చీపురు పట్టుకుని మళ్ల దాకా వచ్చిందో, మొగుడు ఊరంతా వినబడేలా తిట్టేవాడు. ఎందుకయ్యా అంత కోపం అంటే నాకూ పాఠం చెప్పాడు. అడవిలో నేల ఎక్కడైనా బోడిగా ఉందా, దేవుడు కప్పి ఉంచినదాన్ని మనమే ఊడ్చి తగలబెడుతున్నాం అనేవాడు. కొత్త మడికి ఆకు కప్పగానే తలపాగా తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. నేనూ వాళ్ల చర్చి సంఘం మనిషినే గానీ, వంకాయలకి కూడా బాప్తిస్మమా అని ఎగతాళి చేశాను. పడీ పడీ నవ్వాడు. టమాటా, ఆకుకూరలు అతను తినకూడదు, పొటాషియం పెరుగుతుంది. అయినా పండించేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి దగ్గర అందరికీ పంచేవాడు.

వేసవి ముదిరేసరికి డయాలసిస్‌కి, అంటే యంత్రంతో రక్తం శుభ్రం చేయించడానికి, తమ్ముడు అతన్ని విశాఖపట్నం తీసుకెళ్లాడు. మళ్లు పచ్చగా ఉంటే మొగుడు లేచి తిరుగుతాడని రూతమ్మ గట్టిగా నమ్మింది. సముద్రం గాలికి ఆకులన్నీ ఎగిరిపోతున్నాయి. బరువుగా ఉంటాయి, గాలికి కదలవని, బట్టీ నుంచి పొయ్యిలోకి తెచ్చిన జీడి తొక్కలు బస్తాలకు బస్తాలు మళ్ల నిండా పరిచి నీళ్లు పోసింది. తొక్కలోని నూనె నేలకు దిగింది. మొక్కలన్నీ మాడిపోయాయి.

అతను ఇంటికొచ్చిన మర్నాడు, డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టానికి, అంటే కేథటర్‌కి, కట్టు మార్చడానికి వెళ్లాను. అతను పీట వేసుకుని మడి పక్కన కూర్చుని, ఒక్కో తొక్కా ఏరుతున్నాడు. రూతమ్మ గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

"నీ మేలుకే సేసినాను," అంది.

"తెలుసు. మల్లీ ఆకు కప్పితే నేల మెల్లగా బాగుపడుద్ది."

ఆవిడ ఏరడానికి వంగితే వారించాడు. "నీ సేతులు ఇప్పటికే పుండ్లు. నానేరతాను, ఉండు."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. తొలకరి పడకముందే పోయాడు.

ఆదరణ కూడికకి వెళ్లాను. మనిషి పోయిన ఇంటివాళ్లకి ధైర్యం చెప్పడానికి సంఘమంతా కూడే ప్రార్థన అది. అందరూ భోజనాలకి లేచాక రూతమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. వాకిలి ఊడ్చి లేదు. మొక్క ఒక్కటీ లేని మడి మీద జీడాకు మందంగా కప్పి ఉంది. బిళ్లల గురించి అడుగుతుందనుకున్నాను. వాటివల్లేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరమ్మా అని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మడి ఊడిస్తేనే తిట్టే మడిసి," అంది రూతమ్మ. "మడంతా మాడ్సేసినా ఏటీ అన్నేదు. ఇంతకన్నా పెద్దదేదో నా సేత్తోనే జరిగిందని అప్పుడే తెలిసిపోనాది. బిళ్లలు మానేసిన కాడినుంచీ నాకు అనుమానమే."

నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు గరుగ్గా తగిలాయి.

"అడగను సిస్టరమ్మా. ఆయన కప్పేసి ఎల్లిపోనాడు. మీరు తియ్యకండి."

నాకు ఏడుపు ఆగలేదు. ఉన్నది చెప్పేస్తే నా బాధ్యత తీరిపోతుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. విన్నవాళ్లు ఆ మాటతో ఎలా బతుకుతారో చూడడం కూడా నా పనేనని ఆ పెరట్లోనే తెలిసింది. తర్వాత ఎన్ని కేసులు చూసినా, నోటిదాకా వచ్చిన మాటని రూతమ్మ గుర్తొచ్చి ఒక్క క్షణం ఆపుకుంటాను.

ఆవిడ మడి దగ్గర మోకరించింది. వంకాయలకి బాప్తిస్మమా అన్నదాన్ని, నేనూ కొంగు నెత్తిన వేసుకుని ఆవిడ పక్కనే కళ్లు మూసుకున్నాను.