నాలుగో భాగం ముందు జరిగిన కథ

వెయ్యి పేజీలు దాటిన ఆ భయానక నవలను మహాకావ్యమని నేను వాదిస్తూ తిరిగిన రోజుల్లో, అందులో నేను చదివింది ఐదు వందల అరవై పేజీలు. ఈ నిజం ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు ఎవరడిగినా "రెండుసార్లు చదివినాను" అనేవాణ్ణి. రెండుసార్లు అని ఎందుకన్నానో నాకే తెలియదు. ఒకసారి అంటే నమ్మరేమోనని కాబోలు.

ముందు నవల సంగతి చెప్పాలి. ఏదో జ్వరం వచ్చి లోకంలో ముప్పాతిక మంది పోతారు. మిగిలినవాళ్ళు కొండలు దిగి సముద్రం వైపు నడుస్తూ ఉంటారు. దారిలో పాడుబడ్డ బావుల్లోంచి కొన్ని పైకి ఎక్కి వస్తాయి. ఏమిటవి అంటే రచయిత చెప్పడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా 'అవి' అనే అంటాడు. పుస్తకం వచ్చిన కొత్తలో ఫోన్లోని పుస్తకాల గ్రూపులన్నీ రెండుగా చీలిపోయాయి. తెలుగులో ఇలాంటిది రాలేదని సగం మంది, తలకింద పెట్టుకోవడానికి బాగుందని సగం మంది. నేను మొదటి జట్టుకు సేనాధిపతిని. ముక్కూ మొహం తెలియని ఒకాయనతో నవల ముగింపు గురించి మూడు రోజులు పోట్లాడాను. ముగింపు ఏమిటో ఆయన మాటల్లోంచే ఏరుకుంటూ, ఆయన మీదే విసురుతూ పోట్లాడాను. చివరికి ఆయనే విసిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. దాన్ని నేను గెలుపు కిందే జమ కట్టుకున్నాను.

తిరుపతిలో మా ఇంటి ముందు హాల్లో నెలకొక ఆదివారం పొద్దున నలుగురం కూర్చుని చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. బడిలో తెలుగు చెప్పి రిటైరైన అయివారు ఒకాయన వడమాలపేట నుంచి వస్తాడు. గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారి వస్తాడు. చిత్తూరు నుంచి మా అక్క వస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి ఈమధ్యే రిటైరైంది. నాలుగోవాణ్ణి నేను. నలుగురికీ కలిపి ఒకటే ప్రతి కొంటాం.

ఇంత లావు పుస్తకాన్ని బస్సుల్లో పట్టుకుని చదవడం కష్టమని దీన్ని నాలుగు ముక్కలు చేయించాలని నాకు తోచింది. పిల్లల రికార్డు పుస్తకాలు కుట్టే ఒక బైండరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత బాగా కుట్టిండారే, ఏంటికి కోయిస్తావు సామీ" అన్నాడు. సాహిత్యం కోసం అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా కత్తి తీశాడు.

నిజానికి మా ఇంట్లో ఇది కొత్త కాదు. నా చిన్నప్పుడు అమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్ళు చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టిపెట్టేది. పక్కింటికి పోయిన సంచిక తిరిగి రాకపోతే ఆ వారం కథ ఉండేది కాదు. దానికి ఎవరూ బాధపడేవాళ్ళు కాదు. తర్వాతి వారం మొదట్లో 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలు ఉండేవి, అవి చదువుకుని ముందుకు పోయేవాళ్ళం. నాయన అయితే సీరియల్ జోలికే పోకుండా ఆ జరిగిన కథలు మాత్రం చదివి, ఏ పాత్ర ఎలాంటిదో తీర్పులు చెప్పేవాడు. నేను ఆయన కొడుకునే.

ఆ అలవాటు కొద్దీ రెండు, మూడు, నాలుగు భాగాల ముందు ఒక్కో తెల్లకాగితం కుట్టించి, నా దస్తూరితో 'జరిగిన కథ' రాశాను. ఎవరికి ఏ భాగం ముందు అందినా ఇబ్బంది ఉండకూడదని నా ఏర్పాటు. నాలుగో భాగానికి రాయాలంటే మూడో భాగం చదివి ఉండాలి. నేను అందులో నలభై పేజీలు చదివి ఆగిపోయాను. ఎందుకు ఆగానో తర్వాత చెబుతాను. మిగతాది ఊహించి రాశాను. రాసింది చదువుకుంటే నాకే నమ్మకం కలిగింది.

చీట్లు వేసుకున్నాం. నాకు మొదటి భాగం, వ్యాపారికి రెండు, అయివారికి మూడు, అక్కకు నాలుగు వచ్చాయి. నెల తర్వాత మా హాల్లో కూర్చున్నాం.

"ఏమప్పా ఇది," అని అయివారు మొదలుపెట్టాడు. "పుస్తకం నిండా నడస్తానే ఉండారు. ఒకడైనా కుదురుగా కూర్చోని అన్నం తింటాడేమో అని సూస్తి, తినల్యా. ఆ బావుల్లోవి ఏందో, ఇంత రాసినాయనకు వాటికొక పేరు పెట్టే తీరిక ల్యాకపోయె."

"అట్లనొద్దు అయివారా," అన్నాడు వ్యాపారి. "మనిషి ల్యాని మార్కెట్టులో నిమ్మకాయ బస్తాలు కుళ్ళే వాసన మీద మూడు పేజీలు రాసినాడు. నాకు బావుల్లోవాటికి భయం కాల్యా. ఆ బస్తాలకు అయింది. రెండు దినాలు యాపారానికి పోబుద్ధి కాల్యా."

ఇదే అదనని నేను నాగరికత పతనం గురించి, భయానక రసం గురించి పావుగంట మాట్లాడాను. మా ఆవిడ కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, మళ్ళీ తీసుకెళ్ళే దాకా మాట్లాడుతూనే ఉన్నాను. అక్క అంతా విని, "నాకు నచ్చల్యా" అంది.

ఏం నచ్చలేదని అడిగాం.

"ఆ నర్సు. ఊరంతా జ్వరాలతో పడుంటే, ఈమె తనంతట తానే వార్డు వదిలేసి యాడికో ఎల్లిపొయ్యిందంట. అట్ట పొయ్యిన మనిషిని నాలుగో భాగమంతా తలుసుకోని దండాలు పెడతా ఉంటారు. రాసినాయన ఆసుపత్రి ముఖం సూసినట్టు లేదు."

అయివారు కళ్ళజోడు తీసి చూశాడు. "యాడ వదిలేసింది తల్లీ? పదిహేను దినాలు పని చేసి ఇంటికొస్తే తమ్ముడు తలుపు తీయల్యా. మళ్ళా ఆసుపత్రికే తిరిగి పొయ్యింది. మూడో భాగంలో నాకు నచ్చింది ఆ ఒక్క ఘట్టమే గదా."

అక్క నాలుగో భాగం మొదటి కాగితం తిప్పి, నా దస్తూరిని పైకి చదివింది. "నర్సు తన ఇష్టప్రకారమే ఇంటికి రాకుండా, ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి వెళ్ళిపోయింది."

ముగ్గురూ నా వైపు చూశారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అచ్చుతప్పు పడుంటుంది" అన్నాను. చేత్తో రాసిన కాగితంలో. వ్యాపారి పగలబడి నవ్వాడు, అయివారు కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. అయివారి దగ్గర మూడో భాగం అడిగి తీసుకుని, నాలుగోదానితో కలిపి సంచిలో పెట్టుకుంది. అన్నం తినమని మా ఆవిడ ఎంత చెప్పినా ఆగలేదు. మా ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు "పోయొస్తా" అనకుండా అక్క వెళ్ళడం అదే మొదటిసారి అనుకున్నాను. కాదు, రెండోసారి.

మొదటిసారి కరోనా రోజుల్లో. అక్క అప్పుడు తిరుపతిలోనే డ్యూటీ చేస్తోంది. చిత్తూరుకు బస్సులు లేవు. పదిహేను రోజుల డ్యూటీ అయ్యాక, నర్సులను ఉంచిన చోట ఖాళీ లేదని, ఒక పొద్దున సంచి పట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చింది. మా ఆవిడ పిల్లలతో పుట్టింటికి కార్వేటినగరం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో నేనూ, అమ్మా. నేను కిటికీ సగం తెరిచి, "అమ్మకు ఎనభై దాటినాయి గదక్కా" అన్నాను. అక్క "అవును" అంది. అని అక్కడే నిలబడింది. లోపలి నుంచి అమ్మ, "ఎవురు వచ్చిండేది?" అని అడిగింది. "పాలాయన" అన్నాను. అక్కకు వినపడింది. సంచి ఇంకో భుజానికి మార్చుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఎవరో స్నేహితురాలి ఇంట్లో ఉందని తెలిసింది.

అమ్మకేమవుతుందోనన్న భయం కొంత ఉన్న మాట నిజమే. తక్కిన భయమంతా నా గురించే. తర్వాత చుట్టాలు అడిగితే, "మాకు అంటుతుందని అక్కే రానన్నది, తన ఇష్టప్రకారమే" అని చెప్పాను. అలా చెప్పి అక్కకు మంచి పేరు తెచ్చానని లోలోపల సంతోషించాను కూడా. చెప్పగా చెప్పగా నా జ్ఞాపకంలోనూ అదే మిగిలింది. రెండేళ్ళ తర్వాత అమ్మ పోయింది. ఆ పొద్దు పాలాయనే వచ్చాడనుకుంటూ పోయింది. అక్క కర్మాంతరాలకు వచ్చింది, పిల్లల పుట్టినరోజులకు వచ్చింది, నెలనెలా ఆ తలుపులోంచే లోపలికి వచ్చి పుస్తకాల గురించి మాట్లాడింది. ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

ఐదు వందల అరవయ్యో పేజీలో ఆ నర్సు సంచి పట్టుకుని ఇంటి ముందు నిలబడింది. నేను పుస్తకం మూసేశాను. బావుల్లోంచి వచ్చేవాటికి భయపడని వాణ్ణి ఒక సంచికి భయపడ్డాను. తర్వాత కాగితం మీద కలం పెడితే, చుట్టాలకు చెప్పిన మాటే దానంతటది వచ్చి కూర్చుంది. అక్కకు ఆ మాట తెలియనిది కాదు. చుట్టాల నోట ఎన్నిసార్లు వినిందో.

తర్వాతి నెల అక్క రాలేదు. ఫోన్ చేస్తే "పనుండాది" అని పెట్టేసింది. అయివారూ వ్యాపారీ మళ్ళీ పోట్లాడుకున్నారు. నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. ఒంట్లో బాగా లేదా అని అయివారు అడిగాడు. చిన్నప్పటి మా ఇంట్లో, అమ్మ పోయాక మిగిలింది అక్క ఒక్కతే. ఇక ఈ గుమ్మం తొక్కదేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది. సిగ్గు కూడా పట్టుకుంది గానీ, అది చాలా ఆలస్యంగా వచ్చిన సిగ్గు.

ఆ పై నెల ఆదివారం నేను పొద్దున్నే వీధి తలుపు బార్లా తెరిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దోమలొస్తున్నాయని మా ఆవిడ గొణిగింది. పదిన్నరకు అక్క వచ్చింది. తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, లోపలికి వచ్చి రెండు భాగాలూ బల్ల మీద పెట్టింది. చీట్లు వేయబోతుంటే ఆపి, "ఈసారి మూడోది నీకు" అంది.

నాలుగో భాగం ముందు నా కాగితం లేదు. దాని చోట అక్క దస్తూరితో ఇంకో కాగితం అంటించి ఉంది. కేసు షీటు రాసే అలవాటు కదా, అక్షరాలు పొడిపొడిగా ఉన్నాయి.

"జరిగిన కథ: నర్సు పదిహేను దినాలు పని చేసి ఇంటికి వచ్చింది. తమ్ముడు తలుపు తీయలేదు. వాడికి వాడి కారణాలు ఉన్నాయి. ఆమె తిరిగి ఆసుపత్రికి పోయింది. ఆమెకు జ్వరం రాలేదు."

మూడో భాగం నాలుగు రోజుల్లో పూర్తి చేశాను, ఒక్క పేజీ వదలకుండా. చదివాక మళ్ళీ వెనక్కి తిప్పి ఆ తమ్ముడి కోసం వెతికాను. ఎక్కడా లేడు. తలుపు తీయలేదని ఒక్క వాక్యం రాసి, రచయిత వాణ్ణి అక్కడే వదిలేశాడు. ఫోన్ తీసి అక్కకు చేశాను.

"అక్కా, మూడో భాగం అయిపొయ్యింది."

"ఊఁ."

"తమ్ముడికి కారణాలు ఉన్నాయని రాసినావే. ఆ మాట యాడా లేదు. నువ్వూ నా మాదిరే చదవకుండా రాసినావా?"



"లేదురా, చదివే రాసినా," అంది. "ఆ పొద్దు కిటికీలో నీ మొగం సూసినా గదా. ఒణకతా ఉంటివి."