గోడ మీద పులిహోర

అమెరికా వచ్చిన కొత్తలో నాకో గట్టి నమ్మకం ఉండేది: ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కనిది లోకంలో జరగదని. పెళ్ళయిన ఏడాదికి, మేముండే మోరిస్‌విల్ నుంచి ఇటలీ ట్రిప్ వేసినప్పుడూ గంటకో గడి కట్టాను. మా ఆవిడ ఆ షీట్ జోలికే రాలేదు. అడిగింది ఒక్కటే. లూకా అనే ఊరి చుట్టూ పాతకాలపు కోటగోడ ఉందట, దాని మీద చెట్ల నీడన నడవొచ్చట, ఇద్దరం ఒక్క రౌండు నడవాలని. "ఇంకేం అడగను" అంది కూడా. గంటన్నర కేటాయించాను (పెద్ద మనసుతో).

ఫ్లోరెన్స్‌లో రైలెక్కి, లూకాలో దిగి, గోడెక్కాం. పది నిమిషాలు నడిచామో లేదో నాకు ఆకలేసింది. బెంచీ మీద కూర్చుని, హోటల్ గదిలో బుల్లి కుక్కర్‌తో ఆవిడ చేసిన పులిహోర డబ్బా తెరిచాను. ఇంగువ వాసన ఎంత దూరం పోయిందో, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, వెనకాలే ఆయన భార్య, మా ముందు ప్రత్యక్షమయ్యారు. టెక్సస్‌లో ముప్ఫయ్యేళ్ళుగా డాక్టరట.

"ఏ ఊరు బాబూ మీది?"

అంతే. తెనాలి అన్నాను. తెనాల్లో ఎక్కడ అన్నారు. చూస్తే ఆయన తోడల్లుడిది మా పక్క వీధే. ఆ తోడల్లుడి వియ్యంకుడు మా పెదనాన్నతో చదువుకున్నాడా లేదా అన్నది తేలాలి కదా! ఆయన వదిలేసేవారేమో, నేను వదల్లేదు. ఇండియాకి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను (చదువుకోలేదు). రొట్టెముక్కలతో నోరు చచ్చిపోయిందని ఆంటీ అంటే డబ్బా ఆవిడ చేతికే ఇచ్చేశాను. మా ఆవిడ రెండుసార్లు గోడ వంక, ఒకసారి నా వంక చూసింది. కబుర్లు ఆవిడకీ నచ్చాయనుకున్నాను.

తీరా లేచేసరికి తిరుగు రైలుకి ఇరవై నిమిషాలుంది. పడుతూ లేస్తూ పరుగెత్తి ఎక్కాం. సీట్లో కూర్చోగానే షీట్ తీసి, గోడ గడిలో టిక్కు పెట్టాను.

"అది తీసేయండి. మనం నడవలేదు" అంది, కిటికీలోంచి చూస్తూనే.

తీసేశాను. సిగ్గేసింది. మళ్ళీ వద్దామన్నాను (గ్రీన్‌కార్డు, పిల్లలు, ఇల్లు, ఇంతవరకు వెళ్ళింది లేదు).

మొన్న ఆదివారం మోరిస్‌విల్‌లో చెరువు చుట్టూ ఇద్దరం నడుస్తున్నాం. బెంచీ మీద ఎవరో కొత్త జంట డబ్బా తెరిచారు. ఇంగువ! జుట్టు నెరిసినా నా కాళ్ళకి బుద్ధి రాలేదు, వాటంతటవే అటు తిరిగాయి. "ఏ ఊరు బాబూ" నాలుక చివరికి వచ్చేసింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళ జోలికి వెళ్ళకండి. మన రౌండు ఇంకా సగమే అయింది."

నోరు మూసుకుని నడిచాను. రౌండు పూర్తయ్యేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ప్రేమతోనో, మళ్ళీ పారిపోతాననో, అడిగే ధైర్యం చెయ్యలేదు.