ఏ కాలవ నీళ్లండి?

తొంభైల్లో మాట. పోలవరం నుంచి రాజమండ్రి వచ్చే బస్సులో, పక్క సీటావిడ సంచిలోంచి నల్లరాయి తీసి నీళ్లు చిలకరించింది. తెల్లటి గీతలు తేలాయి.

"ఒకప్పుడు ఈ రాతిలో వేడినీళ్లు పారాయండి. అవి వదిలెళ్లిన గీతలివి. మా భూగర్భ శాఖవాళ్లం వీటిని పట్టుకునే, ఖనిజం ఎక్కడ పేరుకుందో వెతుకుతామండి," అంది.

"ఏ కాలవ నీళ్లండి?" అన్నాను. మా డెల్టావాళ్లకి నీళ్లంటే కాలవే.

ఆవిడ నవ్వలేదు. "పేరు పెట్టడానికి అప్పటికి మనుషులే లేరండి. నీళ్లు పోయినా, దారి మాత్రం ఉండిపోయింది."

మాది కాలవ చివరనుండే శివారు చేను. రెండేళ్లుగా కాలవ నీరందక, చేలోకి నీళ్లు తెచ్చే బోదె పూడ్చి దున్నేద్దామనుకుంటూ ఉన్నాను. మర్నాడు పార పట్టుకెళ్లి, అందులో పూడికంతా తీశాను.

ఆ తొలకరికి కాలవ నీళ్లు ఎవర్నీ దారి అడక్కుండా చేలోకి వచ్చేశాయి.