చిన్నాన్న సంతకం పెట్టని స్కోపు

చిన్నాన్న పోయారని మొన్న బుధవారం పొద్దున్న మా వీధిలో ఉండే రైలు గార్డుగారు సైకిలు దిగకుండానే చెప్పి వెళ్లారు. ఆయన డ్యూటీకి బయలుదేరబోతూ వరండాలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారట, అలాగే గోడకి ఒరిగిపోయారట. నేను వెళ్లేసరికి పిన్ని ఆ కళ్లజోడు పట్టుకుని కూర్చుంది. అద్దాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. పని సగంలో వదిలే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు.

సాయంత్రం పదిమందీ చేరినప్పుడు ఒక పెద్దమనిషి, "చేతిలో పనితనం ఉన్నవాడే, కానీ మొండివాడు. కాస్త సర్దుకుపోయుంటే ఎక్కడో ఉండేవాడు," అన్నారు. చుట్టూ తలలు ఊగాయి. నా తల ఊగలేదు. చచ్చిపోయిన మనిషి ఎదుట గొడవెందుకని నోరు మూసుకున్నాను గానీ, ఆ "కానీ" నాకు మింగుడు పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. కలకత్తాకి దగ్గర్లోని మా రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, వాళ్ల క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒక్క గోడ. రెండిళ్లవాళ్లదీ శ్రీకాకుళం వైపే గనక నాన్నకి తమ్ముడి వరస కలిసింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన చిన్నాన్న, వాళ్లావిడ పిన్ని. వర్క్‌షాపులో సర్వే దుర్భిణీలు బాగుచేసే ఫిట్టరు ఆయన. ఆ దుర్భిణీలో కన్ను పెడితే ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే చోటే గురి. మనకి గీతలు గానీ ఆయనకి అవి దారాలు. ఎందుకంటే తెగిపోయినప్పుడు ఆయన వేసేది సాలీడు దారమే.

వాళ్ల వరండాలో ఎడమ పక్క పైమూలకి పిన్ని చీపురు వెళ్లకూడదు. అది సాలీళ్ల జాగా. వీధిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు, పండక్కి కూడా బూజు దులపని కొంప ఇదేనని. పిన్ని కూడా నవ్వేది, చీపురు మాత్రం ఎత్తేది కాదు. చిన్నాన్న ఒక సాలీడుని పుల్ల మీదికి ఎక్కించుకుని మెల్లగా విదిలిస్తే అది దారం వదులుతూ కిందికి దిగేది. ఆ దారాన్ని వంచిన తీగకి చుట్టుకుని, ఆవిరి తగిలించి, సాగదీసి, ఇత్తడి రింగుకి లక్కతో అతికించేవారు. అంతసేపూ ఊపిరి బిగపట్టేవారు. చూస్తున్న మేమూ బిగపట్టాల్సిందే. ఎవరైనా దగ్గితే అయిపోయామన్నమాటే.

అప్పట్లో ఊరి చివర, హిజ్లీ వెళ్లే దారిలో, ఒక చిన్న రైఫిల్ క్లబ్బు ఉండేది. అక్కడి తుపాకులూ వాటిమీద బిగించే స్కోపులనే చిన్న దుర్భిణీలూ ఆయనే చూసేవారు, జీతం లేకుండా. కాలేజీలో గురి బాగుందని పేరొచ్చిన నన్ను ఆ క్లబ్బులో చేర్పించిందీ ఆయనే. ఆడపిల్లకి తుపాకీ ఏమిటని నాన్న ఎగిరితే, "నీ కూతురి సెయ్యి నాను సూసినాను అన్నియ్యా, నువ్వు సూణ్నేదు," అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

స్కోపు మంచిదో కాదో చూడడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు ముక్కు, తరవాత చెవి, ఆఖర్న కన్ను. వానాకాలం తేమకి లోపల బూజు పడితే వాసనొస్తుంది. చెవి దగ్గర ఆడిస్తే వదులైన మర సంగతి తెలుస్తుంది. ఆ తరవాత దాన్ని బల్లకి బిగించి, దూరంగా నీళ్ల ట్యాంకు మీదున్న ఒక రివెట్టు మీదికి గురి పెట్టేవారు. తల అటూ ఇటూ కదిపి చూడాలి. మన తల కదిలినా దారాలు ఆ రివెట్టుని వదలకూడదు. వదిలితే దాని గురి నమ్మడానికి లేదు. వెల ఎంతని మొదట్లోనే ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకునేవారు. "ఇప్పుడే సెప్పకు. ధర తెలిస్తే కన్ను అబద్ధమాడతాది."

ఆ ఏడాది కలకత్తా పోటీలకి మా క్లబ్బునుంచి నలుగురిని పంపాలనుకున్నారు. ఆ నలుగురిలో ఉండాలన్నది నా ఒక్కటే కోరిక. తిండీ నిద్రా అదే. సరిగ్గా అప్పుడే క్లబ్బు సెక్రటరీగారు ఒక విలాయతీ స్కోపు తెచ్చారు. మన తెలుగాయనే, పెద్ద హోదా. ఆ స్కోపు నల్లగా నిగనిగలాడుతూ, లోపల గీతల మీద అంకెలతో పెళ్లికొడుకులా ఉండేది. దాన్ని బిగించిన రోజునుంచీ నా గుళ్లు చెదిరిపోయాయి. ఒకటి పైకి, ఒకటి పక్కకి. "ఆడపిల్ల కదా, చెయ్యి వణుకుతోంది," అన్నారు సెక్రటరీగారు. నలుగురూ అదే అన్నారు. చివరికి నేనూ అదే అనుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

ఆ స్కోపుని పరీక్షించి, బాగుందని రిజిస్టర్లో సంతకం పెట్టమని చిన్నాన్నకి పంపారు. శనివారం సాయంత్రం దాన్ని ఆయన బల్లకి బిగించారు. వాసన లేదు, చప్పుడు లేదు. తల కదిపినా దారాలు కదల్లేదు. అయితే తప్పు నా చేతిదే అనుకున్నాను. అప్పుడాయన ఒక చిన్న చెక్క సుత్తి తీసుకుని స్కోపు ఒంటిమీద మెల్లగా, తలుపు కొట్టినట్టు, ఒక్కసారి కొట్టారు. "ఇప్పుడు సూడు గుంటా." చూశాను. దారాలు రివెట్టుని వదిలి పక్కకి జరిగున్నాయి. మళ్లీ కొట్టారు. ఈసారి కిందికి దిగాయి.

"లోపల స్ప్రింగుకి బిగువు నేదు. నువ్వు పేల్చినప్పుడల్లా ఆ అదురుకి ఇది జరిగిపోతంది. నీ సెయ్యి బంగారం," అన్నారు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి కోపంతో.

మర్నాడు ఆదివారం, ఎంపిక. చిన్నాన్న ఆ బల్లా, బిగింపు, సుత్తీ అన్నీ మోసుకొచ్చి క్లబ్బులో అందరి ముందూ పెట్టారు. కాల్పుల రేంజి చూసుకునే, అందరూ దాదా అని పిలిచే బెంగాలీ అతను కన్ను పెట్టి, సుత్తి దెబ్బ తరవాత తల ఎత్తి, "ఠీక్ బొల్ఛేన్," అని ఆయన మాటే నిజమన్నాడు. సెక్రటరీగారు కన్ను పెట్టలేదు.

"ఎంత పెట్టి కొన్నామో తెలుసా నీకు?"

"తెల్దు బాబూ. తెలుసుకోనేదు కూడాను."

"సంతకం పెట్టు. నీకెందుకీ గొడవ?"

"నాను సూసిందానికే సంతకం పెడతాను. ఇది బాగుందని నాను సూణ్నేదు."

"అయితే తుపాకుల గది తాళాలు ఇచ్చి వెళ్లు."

జేబులోంచి తాళాల గుత్తి తీసి రిజిస్టరు మీద పెట్టేశారు. తరవాత సంచీలోంచి ఇంకో స్కోపు తీశారు. క్లబ్బువాళ్లు ఎప్పుడో చెత్తలో పారేసిన పాతది, పైపూత ఊడిపోయింది. దానికి ఆయన మా వీధి సాలీడు దారం వేసి తెచ్చారు. నా వైపు చాచి, "నీ ఇష్టం గుంటా," అన్నారు.

దానితో పేలిస్తే లెక్కలోకి రాదని సెక్రటరీగారు ముందే చెప్పేశారు. కొత్త స్కోపుతో పేలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పాతదే బిగించుకుని, గురి పెట్టడానికి బోర్లా పడుకున్నాను. దాదా రేంజి ఖాళీగా ఉందో లేదో చూసి, "మారో దీదీ," అన్నాడు. అయిదు గుళ్లు. కాగితం తెచ్చి చూస్తే అయిదు చిల్లులూ ఒక పావలా కింద దాగిపోయేంత దగ్గరగా ఉన్నాయి. సెక్రటరీగారు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. చిన్నాన్న పెన్ను అడిగి తీసుకుని తెలుగులో, పెద్ద అక్షరాలతో, తన పేరు రాశారు. "ఇది నాను సూసినాను," అన్నారు.

నన్ను కలకత్తా పంపలేదు. ఎంపికైన నలుగురూ కొత్త స్కోపుతోనే వెళ్లి, తల దించుకుని తిరిగొచ్చారు. వారం తిరక్కుండా అది తువ్వాల్లో చుట్టుకుని చిన్నాన్న వరండాకి వచ్చింది, బాగుచెయ్యమని. ఆయన బయటికి కూడా తియ్యలేదు. "స్ప్రింగే గట్టిది కాదు. దీనికి నా సాలీడు దారం కూడా దండగే," అని పంపేశారు. ఆ క్లబ్బు మెట్టు ఆయన మళ్లీ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. నష్టపోయావా అని అడిగితే, పోయాను. కలకత్తా ఎలా ఉండేదో నాకు తెలియదు. కానీ నా చెయ్యి వణుకుతుందని ఆ తరవాత ఎవరన్నా నేను నమ్మలేదు. పెళ్లిచూపుల్లో అన్నా, ఉద్యోగం ఇంటర్వ్యూలో అన్నా. అది ఆయన నాకిచ్చింది. సర్దుకుపోయే మనిషి ఇవ్వగలిగింది కాదు.

నిన్న పిన్ని ఇల్లు కడిగిస్తుంటే, పనికొచ్చినామె చీపురు ఎత్తి ఆ పైమూలకి చాపింది. "ఆ మూల ఒగ్గేయ్," అంది పిన్ని, తలైనా తిప్పకుండా. క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన రోజు ఎంతో దూరం లేదు. అయినా ఒగ్గేయమంది.

నేను ఇంటికొచ్చి పెట్టెలోంచి ఆ రోజు ఆయనిచ్చిన పాత స్కోపు తీసి కిటికీ గట్టు మీద బిగించాను. నీళ్ల ట్యాంకు మీద ఆ రివెట్టు ఇంకా అక్కడే ఉంది. దారాలు దానిమీదికి తెచ్చాను. కళ్లనిండా నీళ్లుంటే తుడుచుకుని మళ్లీ పెట్టాను. తల కుడికి కదిపాను, ఎడమకి కదిపాను. కట్టెపేడుతో మెల్లగా ఒక దెబ్బ కూడా కొట్టాను.

దారాలు కదల్లేదు.