చిత్రాన్నంలో విషం ఎవరు కలిపారు

ఏళ్ల తరబడి నేనొక హంతకుణ్ణి దాచిపెట్టాను. పుస్తకంలోని హంతకుణ్ణే. అయినా బరువు బరువే. ఆ నవల బాగుందని టోక్యో నుంచి ఎవరైనా రాసినప్పుడల్లా ఎగిరి గంతేయాలనిపించేది, వెంటనే ఆ బరువు గుర్తొచ్చేది. మీతో చెబితే దిగుతుందేమోనని చెబుతున్నాను.

రేణిగుంట దగ్గర ఒక జపాన్ వాళ్ల ఫ్యాక్టరీలో నేను దుబాసీని. మా పక్కవీధిలో మస్తాన్ సార్ ఉంటారు. రైల్వేలో రిటైరయ్యాక ఒక డిటెక్టివ్ నవల రాసి, సొంతంగా అచ్చు వేయించుకున్నారు. గూడూరు నిమ్మకాయల వ్యాపారి ఒకడు ప్యాసింజరు ఎక్కుతాడు. రేణిగుంటలో రైలు ఆగేసరికి ప్రాణం పోయి ఉంటుంది. వెంట తెచ్చుకున్న చిత్రాన్నంలో విషం. కలిపింది సొంత తమ్ముడే.

టోక్యోలో ఒక ప్రచురణ సంస్థ ఉంది. పరాయి భాషల సైన్స్ ఫిక్షన్, డిటెక్టివ్ నవలలు అనువదించి వేయడమే వాళ్ల పని. మన భాషల్లోంచి ఏమైనా దొరుకుతాయా అని చూస్తున్నారని తెలిసి, మొదటి అధ్యాయం జపనీస్‌లో చేసి పంపాను. వేస్తామన్నారు. ఆ రోజు మస్తాన్ సార్ వీధంతా సేమ్యా పాయసం పంచారు.

పని హుషారుగా సాగింది. ఆఖరి అధ్యాయం దగ్గర ఆగాను. తమ్ముడేనని సగంలోనే తెలిసిపోతోంది కదా? అదే రైలు గార్డు అయితే? ఒక వాక్యం మార్చాను. దాన్ని నిలబెట్టడానికి వెనక ఇంకొకటి. చివరికి ఆ అధ్యాయం మొత్తం నాదైపోయింది. పక్కవీధికి వెళ్లి అడగవచ్చు కదా ఆయన్ని? అడగలేదు. వద్దంటారని భయపడ్డానా, లేక రాస్తున్నంతసేపూ పొందిన ఆ సంతోషం ఆగిపోతుందనా? రెండోదే. నా జీవితంలో అంత హాయిగా ఎన్నడూ రాయలేదు. అది ఆయన నాకు ఇచ్చిన కథ కాదని తెలిసే, ఆ హాయిలో పీకలదాకా మునిగాను.

పుస్తకం వచ్చింది. అందరూ ముగింపునే మెచ్చుకున్నారు. మస్తాన్ సార్ ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగారు.

తర్వాత ఆ సంస్థ నుంచి సంపాదకురాలు ఆయన్ని చూడటానికి వచ్చింది. ఇద్దరి మధ్యా నేనే దుబాసీని. హంతకుణ్ణి ఎప్పుడు నిర్ణయించుకున్నారని ఆమె అడిగింది.

"మొదటి పేజీలోనే పాపా," అన్నారాయన నాతో. "తమ్ముడు అన్నకు చిత్రాన్నం మూట కట్టిస్తాడు సూడు, ఆడనే."

మొదటి పేజీలోనేనట అని మాత్రం ఆమెకు చెప్పాను.

"ఈమెకు యాడ బాగా నచ్చిందో అడుగు."

చివర్లో రైలు కదిలేటప్పుడు అని చెబుతూ, ఆమె లేచి నిలబడి, గార్డులాగా లేని జెండా ఊపింది. మస్తాన్ సార్ నా వైపు తిరిగారు.

"జెండానా? నా కతలో జెండా యాడుండాది?"

నేను వెంటనే అందుకున్నాను. "చివర్లో రైలు కదులుతుంది కదా సార్. అది చెబుతా ఉండాది."

ఆయన తల తట్టుకుని నవ్వారు. "రైలు కదిలితే జెండా ఊపాల్సిందే. ఇన్నేండ్లు రైల్వేలో ఉండి నేనే మరిసినా."

తప్పు నాదైతే మరిచింది తానేనని ఆయన అనుకున్నారు. ఆ నవ్వు నన్ను వదల్లేదు.

ఇప్పుడు ఆయన రెండో నవల రాశారు. అది తమ్ముడు జైలు నుంచి బయటికి రావడంతో మొదలవుతుంది. జపాన్‌లో ఆ తమ్ముడు జైలుకే పోలేదు. దీన్ని కూడా మార్చేయనా? ఒక సాయంత్రమంతా అదీ ఆలోచించాను. ఇంతకంటే సిగ్గుచేటు ఉందా?

పోయిన ఆదివారం వెళ్లి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. చదవమన్నారు. నా జపనీస్‌ని తెలుగు చేసుకుంటూ ఆఖరి అధ్యాయం వినిపించాను. రెండు చోట్ల నవ్వారు. గార్డు దొరికిపోయే చోట ముందుకు వంగి కూర్చున్నారు. అయిపోయాక పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మూశారు.

"బాగుండాది పాపా," అన్నారు చివరికి. "నాది కాదు."

అంతే. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చి టోక్యోకు అంతా రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. రెండో పుస్తకం వేస్తారో లేదో, ఇక ఆయన నా చేతికి కథ ఇస్తారో లేదో తెలియదు.

నిన్న కూరగాయల బండి దగ్గర మస్తాన్ సార్ ఎదురుపడ్డారు. ఎన్నాళ్లకో ఆయన కళ్లలోకి చూస్తూ నమస్కారం పెట్టాను. తలూపి వెళ్లిపోయారు. టమోటాలు ఏరుకుంటూ నేనేదో కూనిరాగం తీస్తున్నానట. బండి అతను నవ్వితే గానీ నాకు తెలియలేదు.