వీలును బట్టి

పర్యావరణ శాఖలో తుది ప్రతులు టైపు చేసే పెద్దాయనను అందరూ ఫెయిర్‌కాపీగారంటారు. పొద్దున్నే వచ్చి కీబోర్డును రుమాలుతో తుడుస్తాడు. కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతాడు. వాతావరణ విధానం ముసాయిదా ఏ శాఖకు వెళ్ళినా పెన్సిలు గీతలతో తిరిగొస్తుంది. విద్యుత్ శాఖ గడువు కొట్టేస్తే, గనుల శాఖ అక్కడ 'వీలును బట్టి' అని చేరుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆ గీతలన్నీ ఆయన చేతుల్లో నున్నటి వాక్యాలవుతున్నాయి. ఆయన టైపు చేశాక ఎవరూ మళ్ళీ చదవరు, అంత నమ్మకం.

ఈసారి కొత్త ఆఫీసరమ్మ ఏడాదిపాటు అన్ని శాఖల గుమ్మాలూ ఎక్కి దిగి, బొగ్గు కేంద్రాలను పదేళ్ళలో మూసేయాలన్న వాక్యానికి అందరినీ ఒప్పించింది. దాని మీద ఒక్క గీతా పడలేదు. మంత్రివర్గం ఆమోదించిన మర్నాడు ఆమె ఆ కాగితంతో ఆయన బల్ల దగ్గరికొచ్చింది.

"పదేళ్ళు ఏమైపోయాయండీ? వీలును బట్టి అని ఉందేంటి? ఎవరు మార్చమన్నారు?"

ఆయన కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాడు.

"ఎవరూ అనలేదమ్మా. చెయ్యే... అలవాటులో అలా టైపు చేసేసింది."

"నేనూ చదవకుండానే పంపేశాను," అందామె మెల్లగా. "పొరపాటని రాసివ్వండి. సరిచేయిస్తాను."

ఆయన కలం తీసేలోగా పక్క సెక్షను సూపరింటెండెంటు వచ్చి భుజం తట్టాడు.

"అదరగొట్టారు గురువుగారూ! గనుల మంత్రిగారు ఆ మాట చూసి తెగ సంబరపడ్డారట. ఇక అక్షరం కదపొద్దన్నారట. మీకు నేర్పాలా!"

ఆఫీసరమ్మ కాగితం మడిచేసింది. పెద్దాయన రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు.